గంజాయి పొట్లం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను, విడాకులకి సాక్ష్యంగా పనికొస్తుందా?

మల్లెతీగ | సోమవారం రాత్రి 11.48

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. పాప నిద్రపోయాక ఫోన్‌లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది గాజువాక వైపు. పెళ్ళయి ఆరేళ్ళు. పాపకి నాలుగు నిండాయి, ఎల్‌కేజీ. ఆయన క్యాబ్ నడుపుతారు. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్లో చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం దాకా బాగానే ఉన్నాం. నైట్ డ్యూటీలు మొదలయ్యాక గంజాయి అలవాటైంది. మొదట్లో మామూలు సిగరెట్ అనుకున్నా. బాత్రూమ్ కిటికీ గట్టు మీద రోజూ పొగాకు పొడి రాలి ఉండేది. సిగరెట్లోంచి అది రాల్చేసి ఇంకోటి కూరతారని నాకేం తెలుసు? ఇప్పుడది లేందే బండి తీయరు. డబ్బులు అడిగితే గొడవ, అడక్కపోయినా గొడవే. మూడుసార్లు చెయ్యి చేసుకున్నారు. నా నానుతాడు, రెండు జతల గాజులు నాకు చెప్పకుండా గోల్డ్ లోన్‌లో పెట్టేశారు.

మొన్న బియ్యం డబ్బా ఎండలో పెడదామని ఖాళీ చేస్తే అడుగున మూడు పొట్లాలు. పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఒకటి తీసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో జిప్ అరలో పెట్టుకున్నాను, రేపు కోర్టులో చూపించడానికి ఉంటుందని. నాలుగు రోజులుగా దాంతోనే బస్సెక్కి డ్యూటీకి వెళ్ళొస్తున్నాను.

మా పిన్ని కొడుకేమో పోలీసులకి ఫోన్ చేసి పట్టించెయ్, జైలుకి పోతాడు, విడాకులు వెంటనే వచ్చేస్తాయి అంటున్నాడు. అత్తగారి తరఫు వాళ్ళేమో కోర్టులెందుకు, పెద్దమనుషుల్లో కూర్చుని స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాసేసుకుందాం అంటున్నారు. ఏది మంచిది? పాప నా దగ్గరే ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఓరుగల్లు అక్క | సోమవారం రాత్రి 11.57

చెల్లీ, మిగతా సంగతులు పొద్దున మాట్లాడుకుందాం. ముందు ఆ పొట్లంతో ఇల్లు దాటకు.

సిక్కోలు చిన్నోడు | మంగళవారం ఉదయం 6.20

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అండీ. పోలీసులకి చెప్పేయండి. దాంతోపాటు అత్తింటి వేధింపుల కేసు, 498ఏ కూడా పెట్టేయండి, అత్తామామల్ని కూడా లోపలేస్తారు. దారికొస్తారు.

ప్లీడరు పెన్ను | మంగళవారం ఉదయం 7.05

అమ్మా, నేను విశాఖలోనే ప్రాక్టీసు చేస్తాను. మీ కాగితాలు చూడకుండా మీ కేసు గురించి గట్టిగా చెప్పలేను. చట్టం ఎలా ఉందో మాత్రం చెప్తాను.

మొదట పొట్లం సంగతి. మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్, సరుకు ఎవరి దగ్గర దొరికిందని చూస్తుంది. దాచిందెవరన్నది ఆ తర్వాతి మాట. బస్సులో మీ బ్యాగ్ తనిఖీ చేస్తే ముద్దాయి మీరే. "సాక్ష్యం కోసం పెట్టుకున్నాను" అన్నది రుజువు చేసుకోవాల్సిన బరువు కూడా మీ మీదే పడుతుంది, సెక్షన్ 35, 54 అలా ఉన్నాయి. పైగా ఇంటి అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉంది? తన ఆధీనంలో ఉన్న ఇంట్లో తెలిసి తెలిసి ఇలాంటి నేరం జరగనిస్తే వాళ్ళ మీద కూడా కేసు పెట్టడానికి సెక్షన్ 25 ఉంది. ఆ పొట్లాన్ని ఇప్పుడేం చెయ్యాలన్నది నలుగురూ చదివే చోట రాయను. ఇవాళే 15100కి ఫోన్ చేయండి. అది జాతీయ న్యాయసేవాధికార సంస్థ నంబరు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది అది. ఉద్యోగం చేస్తున్నారు కదా, మీకివ్వం అనడానికి లేదు.

ఇక విడాకుల కోసం పట్టించడం. హిందూ వివాహ చట్టంలో మత్తుకి బానిస కావడం అని ప్రత్యేకంగా కారణం లేదు. జైలుకెళ్ళడం కూడా లేదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళయితే ఏడేళ్ళు, ఆపైన శిక్ష అనుభవిస్తుంటే విడాకులు అడగొచ్చు. మీది మామూలు పెళ్ళి అనుకుంటాను. మీకు పనికొచ్చే మాట "క్రూరత్వం". కొట్టడం, బంగారం చెప్పకుండా తాకట్టు పెట్టడం, మత్తులో ఇంట్లో గొడవ, పాప ఎదుట జరిగినవి, ఇవన్నీ దాని కిందకి వస్తాయి. వాటికి సాక్ష్యం కావాలి. గంజాయి పొట్లం వాటిలో దేన్నీ రుజువు చెయ్యదు.

పట్టిస్తే ఏమవుతుంది? గంజాయి కిలో లోపు ఉంటే చిన్న మోతాదు కింద లెక్క. ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినందుకు మాత్రమే అయితే 6 నెలల దాకా. చాలా కేసుల్లో బెయిలు త్వరగానే వస్తుంది. అంటే మీ మీద కోపంతో అదే ఇంటికి తిరిగొస్తాడు.

సిక్కోలు చిన్నోడు గారూ, 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో కేసు పెట్టగానే అరెస్టు చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ముందు నోటీసిచ్చి పిలుస్తారు. అసలు ఏ తప్పూ చెయ్యని అత్తగారి పేరు కూడా ఫిర్యాదులో కలిపితే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, మీ నిజం కూడా అబద్ధంలా వినిపిస్తుంది.

సిక్కోలు చిన్నోడు | మంగళవారం ఉదయం 7.31

సరే సార్. విన్నదే రాశాను.

నర్సీపట్నం సుజాత (అసలు పేరు కాదు) | మంగళవారం ఉదయం 10.10

చెల్లీ, నా సంగతి చెప్తాను, విను. మా ఆయన కూడా డ్రైవరే. తాగేవాడు కాదు, మోసేవాడు. ఏజెన్సీ కొండల నుంచి మైదానానికి ఒక ట్రిప్పు అన్నారట, కారు డిక్కీలో 40 కిలోలు దొరికింది. 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. పదేళ్ళకి తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా శిక్ష, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలంటావా, సెక్షన్ 37 అని ఒక గోడ ఉంటుంది. నేరం చెయ్యలేదని జడ్జిగారికి నమ్మకం కలిగితేనే ఇస్తారు.

ఆయన లోపల, నేను బయట. కారు ఫైనాన్స్‌ది. కారు స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతుంటే కంతులు నేను కట్టాను. ఇలాంటి బండిని కేసు తేలేలోపు తాత్కాలికంగా విడిపించుకోవచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందని మా లాయరు అంటే మళ్ళీ పిటిషను వేశాం. భరణం ఎవర్ని అడగను? జైల్లో ఉన్న మనిషికి సంపాదనేది? అందుకే నీతో చెప్పేది, మనిషిని జైలుకి పంపడానికీ మనం బయటపడటానికీ సంబంధం లేదు. రెండూ వేరు వేరు దార్లు.

డల్లాస్ బాబాయ్ | మంగళవారం ఉదయం 10.44

పెద్దమనుషుల కాగితం గురించి నేనో మాట. మా మేనకోడలికి అలాగే రాయించారు. కులపెద్దలు పదిమంది సంతకాలు, కింద వేలిముద్రలు. తర్వాత అబ్బాయి ఇక్కడ అమెరికాలో ఇంకో పెళ్ళి చేసుకుని వీసాకి అప్లై చేస్తే కాన్సులేట్ వాళ్ళు కోర్టు డిక్రీ ఏదీ అన్నారు. ఆ కాగితం అక్కరకు రాలేదు.

బెంచి గుమాస్తా | మంగళవారం మధ్యాహ్నం 1.15

ఫ్యామిలీ కోర్టులో 11 ఏళ్ళు బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఆ స్టాంపు కాగితాలు ఎన్ని చూశానో లెక్కలేదు. కులంలో అనాదిగా విడాకుల ఆచారం ఉందని రుజువైతే చట్టం ఒప్పుకుంటుంది, హిందూ వివాహ చట్టం సెక్షన్ 29లో ఆ వెసులుబాటు ఉంది. కానీ ఆ ఆచారాన్ని సాక్షులతో కోర్టులో రుజువు చెయ్యాలి. అదంత తేలిక కాదు. రుజువు కాకపోతే రెండో పెళ్ళి చెల్లదు, ఆ పెళ్ళికి పుట్టిన పిల్లలతో గొడవలు, ఆస్తి తగాదాలు.

ఇద్దరికీ ఇష్టమైతే కోర్టులోనే పరస్పర అంగీకారం వేసుకోండి, 13బి. ఏడాదిగా విడిగా ఉన్నామని చెప్పాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా లేకపోతే విడిగా ఉన్నట్టే. మొదటి పిటిషను తర్వాత ఆరు నెలలు ఆగి మళ్ళీ రావాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో తీర్పు వచ్చింది. అన్ని కేసుల్లో చెయ్యరు.

అమ్మాయ్, నీ కేసులో నేను చూసే లోటు ఏమిటంటే నీకు కావాల్సింది విడాకులా, రక్షణా, డబ్బా, బంగారమా అన్నది నువ్వే తేల్చుకోలేదు. ఒక్కోదానికి ఒక్కో గది, ఒక్కో రిజిస్టరు. గృహహింస చట్టం కింద వేస్తే డీవీసీ నంబరు పడుతుంది, మేజిస్ట్రేట్ కోర్టులో. భరణం ఎంసీ. విడాకులు ఓపీ, ఫ్యామిలీ కోర్టులో. మూడూ ఒకేసారి వేసి మూడింటికీ వాయిదాలు తిరగలేక అలసిపోయి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళని చూశాను. అటెండరు గుమ్మంలోంచి మూడుసార్లు పేరు పిలిచి లోపలికి వెళ్ళిపోతాడు. అప్పటికి నువ్వు ఆటోలో ఉంటావు. కేసు డిస్మిస్.

నన్నడిగితే ముందు డీవీసీ వెయ్యి. రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, నెల ఖర్చు, పాప కస్టడీ, బంగారం తిరిగివ్వడం అన్నీ ఆ ఒక్క పిటిషన్‌లో అడగొచ్చు. కోర్టు ఫీజు లేదు. నువ్వు ఇప్పుడెక్కడ ఉంటే అక్కడే వేసుకోవచ్చు, పుట్టింట్లో ఉన్నా సరే.

మల్లెతీగ | మంగళవారం మధ్యాహ్నం 2.02

లంచ్ టైంలో రాస్తున్నాను. అందరికీ పేరు పేరునా థాంక్స్. ప్లీడరు గారూ, ఇంటి అగ్రిమెంటు నా పేరు మీదే సార్. చదవగానే చేతులు చల్లబడిపోయాయి. 15100కి చేశాను, రేపు జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న ఆఫీసుకి రమ్మన్నారు.

ఇంట్లోంచి నేను వెళ్ళిపోవాలా? అగ్రిమెంటు నాదైతే ఆయన్ని పంపొచ్చా?

ప్లీడరు పెన్ను | మంగళవారం రాత్రి 9.30

పంపమని కోర్టుని అడగొచ్చు. గృహహింస చట్టం సెక్షన్ 19లో భర్తని ఇంటినుంచి తప్పుకోమని ఆదేశించే అధికారం ఉంది. మీరు పనిచేసే చోటికి రాకుండా, ఫోన్లు చేసి వేధించకుండా రక్షణ ఉత్తర్వు కూడా అడగండి. ఆ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా ఉంటుంది. అయితే ఈలోపు చెయ్యెత్తితే చట్టాలు గుర్తుచేసుకుంటూ నిలబడకండి, పాపని తీసుకుని బయటికి వచ్చేయండి. 112, లేదా 181. తల్లి తన బిడ్డని తీసుకెళ్తే అది కిడ్నాప్ కాదు. ఐదేళ్ళు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టమే చెప్తోంది. అది దాటాక కూడా కోర్టు చూసేది బిడ్డ బాగోగులే.

ఆధార్‌లు, పాప జనన ధృవీకరణ పత్రం, పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, ఆసుపత్రి చీటీలు ఏవైనా ఉంటే అవి, గోల్డ్ లోన్ రసీదు ఫోటో. వీటి కాపీలు మీ అక్కచెల్లెళ్ళ దగ్గరో, నమ్మకమైన వాళ్ళ దగ్గరో పెట్టండి. ఆయన ఫోన్‌లో మాట్లాడినవి రికార్డు అయి ఉంటే చెరపకండి. దొంగచాటుగా రికార్డు చేసిన భార్యాభర్తల మాటలు కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. నమ్మాలా లేదా అన్నది తర్వాత జడ్జిగారు చూసుకుంటారు.

ఒంటిస్తంభం | మంగళవారం రాత్రి 9.52

అంతా బాగుంది. ఆ మొగుడి మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు ఈ చర్చలో. మగాడికి రోగం వస్తే కేసు, ఆడదానికి కష్టం వస్తే చట్టం.

ఓరుగల్లు అక్క | మంగళవారం రాత్రి 9.58

అన్నా, మూడుసార్లు కొట్టిండు అని రాసింది సూశినవా?

నిర్వాహకులు | మంగళవారం రాత్రి 10.20

ఒంటిస్తంభం గారూ, ఓరుగల్లు అక్క గారూ, గొడవ పెంచకండి. ఎవరూ ఫోన్ నంబర్లు, అసలు పేర్లు, స్టేషన్ పేర్లు ఇక్కడ రాయొద్దు. ఇందాక ఒక పోస్టులో ఉన్న నంబరు తీసేశాం.

ఆదివారం నాన్న | బుధవారం తెల్లవారుజామున 4.40

ఒంటిస్తంభం గారు అడిగిన ఆ మొగుణ్ణి నేనే అనుకోండి. నేను కొట్టినవాణ్ణి, తాగినవాణ్ణి. మొదట మందు, తర్వాత గంజాయి. ఇప్పుడు మానేసి మూడేళ్ళు.

నా భార్య కేసు వేసినప్పుడు నాకూ అలాగే అనిపించింది, నా రోగం ఎవరికీ పట్టలేదని. నిజానికి అందరికంటే ముందు పట్టించుకున్నది ఆవిడే. మా అమ్మ నన్ను ఊరి బయట ఒక ప్రైవేటు సెంటర్లో చేర్పించింది. నెలకి ఇంతని తీసుకుని తాళం వేసి పెట్టారు. మాట వినకపోతే కొట్టేవాళ్ళు. ఒకతన్ని మంచానికి కట్టేశారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక గొలుసులతో కట్టడం నేరమని, ఇలాంటి సెంటర్లకి రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలని నాకు బయటికి వచ్చాక తెలిసింది. మందు, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి. కాబట్టి చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నాను. మొదటి రెండు వారాలూ నరకం. నిద్ర లేదు, అన్నం చూస్తే వికారం, ఊరికే కోపం. ఆ రెండు వారాల్లో ఇంట్లో వాళ్ళు దూరంగా ఉండటమే మంచిదని డాక్టరే చెప్పాడు. అందుకని మల్లెతీగ గారూ, మీరు విడిగా ఉంటే ఆయన చెడిపోతాడేమోనన్న బెంగ పెట్టుకోకండి.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్ళని వాళ్ళు చాలామంది. ఎన్‌డీపీఎస్‌లో 64ఏ అని ఒకటుంది. వాడకం కేసైనా, చిన్న మోతాదు కేసైనా, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో చికిత్స ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడాలంటే 14446, డబ్బులు పడవు.

ఇప్పుడు నాకు ఆదివారాలు రెండు గంటలు కొడుకుని చూసే ఆర్డరు ఉంది. మొదట ఆరు నెలలు కోర్టు ఆవరణలోని పిల్లల గదిలోనే. గోడకి మిక్కీ మౌస్ బొమ్మ, ఒక విరిగిన గుర్రం. మా అమ్మ చేసిన చేగోడీలు స్టీలు డబ్బాలో తీసుకెళ్ళేవాణ్ణి. వాడు మూత తీసి వాసన చూసేవాడు. చేగోడీలది కాదు, నాది. చొక్కా దగ్గరికి వచ్చి వాసన చూసి అప్పుడు కూర్చునేవాడు.

ఓరుగల్లు అక్క | బుధవారం ఉదయం 6.02

తమ్మీ, పొద్దున్నే ఏడిపించినవ్.

అమ్మ 1958 | బుధవారం ఉదయం 8.15

నేను తెనాలి నుంచి. నాకు మల్లెతీగ గారి అత్తగారి వయసు. నా కొడుకు కూడా ఇలాగే. కోడలు పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళింది, ఆమె తప్పు లేదు. వాడు నా పెన్షన్ లాక్కుంటున్నాడు, ఇవ్వకపోతే గ్యాస్ బండ విసిరాడు. ఇల్లు నా పేరు మీదే ఉంది. వాడికి రాసివ్వమని రోజూ గొడవ. వాణ్ణి ఇంట్లోంచి పంపించే దారుందా బాబూ? కన్నకొడుకు మీద స్టేషన్‌కి వెళ్ళలేను.

ప్లీడరు పెన్ను | బుధవారం ఉదయం 9.00

ఉందమ్మా. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. ఆర్డీఓ గారి దగ్గర ట్రైబ్యునల్ ఉంటుంది, తెల్లకాగితం మీద దరఖాస్తు రాసినా చాలు. ఇంట్లోంచి పంపమని కూడా అడగొచ్చు. మీ మీద చెయ్యి చేసుకుంటే గృహహింస చట్టం మీకూ వర్తిస్తుంది, అది కోడళ్ళకే అనుకుంటారు చాలామంది. తల్లి కూడా కొడుకు మీద వెయ్యొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఇల్లు రాసివ్వకండి. రాసివ్వక తప్పకపోతే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి, అప్పుడే సెక్షన్ 23 కింద రద్దు చేయించుకోవడం సులువు. రెండోది, ఈ చట్టం అడ్డం పెట్టుకుని కోడల్ని వెళ్ళగొట్టడం కుదరదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అలాంటివారు కారని తెలుసు, చదివే మిగతావాళ్ళ కోసం రాశాను.

డల్లాస్ బాబాయ్ | బుధవారం ఉదయం 9.40

ఒక సందేహం ప్లీడరు గారూ. మా మేనకోడలి కేసులో తర్వాత అబ్బాయి ఇక్కడి కోర్టులోనే ఎక్స్‌పార్టీ విడాకులు, అంటే ఆమె హాజరు కాకుండానే, తెచ్చుకున్నాడు. ఆమె గుంటూరులో ఉంది, నోటీసు వచ్చింది కానీ వెళ్ళలేదు. అది ఇండియాలో చెల్లుతుందా?

ప్లీడరు పెన్ను | బుధవారం రాత్రి 10.05

ఇది మన తెలుగు వాళ్ళ కేసుతోనే తేలింది. తిరుపతిలో పెళ్ళయిన జంట, భర్త మిస్సోరీ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నాడు. 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మన వివాహ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులివ్వాలి, రెండో పక్షం మనస్ఫూర్తిగా అక్కడి కోర్టుకి లోబడి వాదించి ఉండాలి. ఊరికే నోటీసు అందితే సరిపోదు. అలాగని ఆ నోటీసుని బీరువాలో పెట్టి మర్చిపోకూడదు. ఇక్కడ ఆవిడే ముందుగా కేసు వేసుకోవడం మంచిది.

మల్లెతీగ | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10.50

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. న్యాయసేవా ఆఫీసులో ఒక లేడీ లాయర్ని ఇచ్చారు. పొట్లం సంగతి ఆవిడ చూసుకున్నారు, ఎలాగన్నది ఇక్కడ రాయొద్దన్నారు. బ్యాగ్ మాత్రం మార్చేశాను. పాతది ఉతికినా ఆ వాసన పోలేదు, లేక నాకే అలా అనిపిస్తోందో.

రక్షణ అధికారి ఆఫీసుకి వెళ్ళాం. ఒక మేడమ్ గంటన్నర కూర్చోబెట్టి ఫారం నింపారు. ఎప్పుడు కొట్టారు, ఎక్కడ కొట్టారు, ఎవరున్నారు, ప్రతీదీ తేదీలతో. మొదటిసారి తేదీ గుర్తు రాలేదు. పాప పుట్టినరోజు మర్నాడు అని చెప్పగానే ఆవిడ క్యాలెండర్ చూసి రాసుకున్నారు. డీవీసీ ఫైలయింది. ఆయనకి నోటీసు వెళ్ళింది. నేను పాపతో మా అక్క ఇంట్లో ఉన్నాను.

ఒక డౌటు. భరణం అడిగితే ఆయన ఆదాయం ఎలా చూపించాలి? జీతం చీటీ ఉండదు కదా. తనకి నెలకి ఆరువేలు కూడా రావని కౌంటర్లో, అంటే కోర్టుకిచ్చే జవాబులో, రాస్తానంటున్నారట ఆయన.

బెంచి గుమాస్తా | మర్నాడు ఉదయం 7.20

అందరూ అదే రాస్తారు. నా సర్వీసులో కోర్టు హాలు గుమ్మం దాటగానే మగవాళ్ళ జీతాలు సగమైపోవడం చూశాను. ఆడవాళ్ళ ఉద్యోగాలు పోవడం కూడా చూశాను, అది వేరే కథ. నువ్వు నీ జీతం దాచకు.

2020లో రజనీష్, నేహా కేసు తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంగా ఇవ్వాల్సిందే. అందులో అబద్ధం రాస్తే తేలిగ్గా పోదు. క్యాబ్ వాళ్ళకి వారం వారం కంపెనీ వేసిన డబ్బుల మెసేజ్‌లు ఉంటాయి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది, కారు కంతులు ఎంత కడుతున్నాడో ఉంటుంది, ఫాస్టాగ్ రీఛార్జి ఉంటుంది. నెలకి ఆరువేలు వచ్చేవాడు పద్నాలుగు వేల కంతు ఎలా కడుతున్నాడని మీ లాయరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఆ స్టేట్‌మెంట్లు తెప్పించమని కోర్టుని అడగండి.

ఆర్డరు వస్తే పిటిషను వేసిన తేదీ నుంచి లెక్కగడతారు, అదే తీర్పులో ఉంది. అందుకని ఎంత ఆలస్యమైనా ఆ నెలలు ఊరికే పోవు. ఇవ్వకపోతే బకాయికి పిటిషను ఏడాది లోపు వెయ్యాలి, అది మర్చిపోతే చాలా నష్టం.

వాయిదా రోజున పదింటికల్లా హాల్లో ఉండు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, బ్యాగులో వెతుక్కుంటూ నిలబడితే బెంచి చిరాకు పడుతుంది.

ఆదివారం నాన్న | అదే రోజు రాత్రి 9.10

ఆయన ఎలా ఉన్నారు?

మల్లెతీగ | అదే రోజు రాత్రి 11.30

అత్తగారు ఆయన్ని చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళారట. రెండుసార్లు వెళ్ళి మూడోసారి ఎగ్గొట్టారు. మీరు రాసిన పోస్టు స్క్రీన్‌షాట్ తీసి అత్తగారికి పంపాను. చదివి ఏమీ అనలేదు. "ఆ అబ్బాయి తల్లి ఏ ఊరు?" అని మాత్రం అడిగారు.

మల్లెతీగ | రెండు నెలల తర్వాత, సాయంత్రం 6.15

అప్‌డేట్ అడిగిన వాళ్ళకి. మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది. మా అక్క ఇంటికి, నా ఆఫీసుకి రాకూడదని. నెల ఖర్చు ఇంకా తేలలేదు, ఆయన ప్రమాణపత్రం వెయ్యడానికి రెండు వాయిదాలు తీసుకున్నారు. జడ్జిగారు మీడియేషన్‌కి పంపారు. అక్కడ మొదటిసారి ఎదురుగా కూర్చున్నాం. బాగా చిక్కిపోయారు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్తున్నారట, చీటీలు చూపించారు. మీడియేటర్ మేడమ్ విడాకుల మాట ఎత్తితే ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదన్నారు.

ఇప్పుడు ఇంకో సమస్య. గోల్డ్ లోన్ వాళ్ళు వేలం నోటీసు పంపారు, అత్తగారు ఫోటో తీసి వాట్సాప్ చేశారు. ఇంకా పది రోజులే గడువు. బంగారం నాది, లోన్ ఆయన పేరున.

ప్లీడరు పెన్ను | అదే రోజు రాత్రి 8.40

పెళ్ళికి మీకు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, భర్తకి దాని మీద హక్కు లేదని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేలింది. రేపే మీ లాయరుతో డీవీసీలో ఒక మధ్యంతర పిటిషను వేయించండి. గోల్డ్ లోన్ ఆఫీసుకి కూడా ఆ బంగారం మీదని, కోర్టులో కేసుందని రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. పెళ్ళి ఫోటోల్లో ఆ గాజులు కనిపించేవి జతచేయండి. ఈలోపు వేలం ఆగాలంటే వడ్డీ కట్టడం ఒక్కటే వెంటనే అయ్యే పని. కట్టింది తర్వాత ఆయన దగ్గర రాబట్టమని అడగొచ్చు.

మల్లెతీగ | మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం 2.10

పిటిషను వేశాం సార్. వడ్డీ 4,380 కట్టాను, అక్క 2 వేలు సర్దింది. వేలం ఆపారు. గుమాస్తా గారూ, రసీదు మీరు చెప్పిన ప్లాస్టిక్ కవర్లోనే పెట్టాను.

బెంచి గుమాస్తా | అదే రోజు మధ్యాహ్నం 2.25

మిషన్లోంచి వచ్చే నున్నటి కాగితమా? అయితే ఇవాళే జిరాక్స్ తీయించి పెట్టు అమ్మాయ్. ఆ రసీదుల మీద అక్షరాలు ఎండాకాలం దాటేసరికి ఎగిరిపోతాయి.